ఒగ్గడం, లొంగడం: పాటలో, పటంలో పాశం

తాడుతో కట్టుబడిన దేహాన్ని వస్తువుగా తీసుకొని, ఆ కట్టులోని సుఖాన్ని, భయాన్ని, అసహాయతను చిత్రించే కళాకారులు ఆధునిక ప్రపంచంలో పలువురు ఉన్నారు. తమ చిత్రాలకు సంగీతమే ప్రేరణ అని చెప్పుకొనేవారూ వారిలో ఉన్నారు. ఈ పాయకు ఆద్యుడుగా పేర్కొనబడే జపాను చిత్రకారుడు ఇతో సెయియు (1882–1961) కబుకి నాటక దృశ్యాల నుండి, పాత కాలపు శిక్షా పద్ధతుల నుండి తన వస్తువును గ్రహించాడు. చిత్రకారుడు యోషితోషి 1885లో వేసిన ఒక అచ్చుచిత్రంలో నిండు గర్భిణి తలకిందులుగా వేలాడుతూ ఉంటుంది. దానిని అనుసరించి సెయియు తన భార్యను గర్భవతిగా ఉన్నప్పుడే తాళ్ళతో కట్టి వేలాడదీసి ఫోటో తీయించాడు. ఆ ఫోటో చూసినవారికి ముడులు కనిపిస్తాయి, కడుపు కనిపిస్తుంది. ఆమె ఇష్టపడి ఒప్పుకొందా, భర్త మాటకు తలవంచిందా అన్నది మాత్రం కనిపించదు.

బంధన చిత్రాలన్నింటినీ వెన్నాడే ప్రశ్న ఇదే. ఇష్టపడి కట్టించుకొన్న తాటికీ, బలవంతంగా కట్టిన తాటికీ పటంలో తేడా ఎక్కడ ఉంటుంది? పటం చెప్పలేని ఆ తేడాను పాట చెప్పగలదని, ఈ విషయంలో తెలుగు సాహిత్యానికి, ముఖ్యంగా కడప, కర్నూలు ప్రాంతాలతో ముడివడిన సాహిత్యానికి, సొంత పరిభాష ఉందని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం. మన విమర్శ ఇటువంటి వస్తువును ఎదుర్కొన్నప్పుడు రెండే దారులు తొక్కింది. భక్తి అని పేరుపెట్టి దేహాన్ని తుడిచివేయడం ఒకటి, అశ్లీలమని తలుపు మూయడం మరొకటి. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ప్రకటించిన ముద్దుపళని 'రాధికా సాంత్వనము' నిషేధానికి గురై, 1947లో గాని ఆ నిషేధం నుండి బయటపడలేదు. ఈ రెండు దారులూ గ్రంథం మాట వినకుండా ముందే తీర్పు చెప్పేవి.

కట్టు, బంధం, ఒగ్గు

తెలుగులో పెళ్ళి కట్టుకోవడమే. భర్త కట్టుకొన్నవాడు, భార్య కట్టుకొన్నది. వివాహ నిశ్చయానికి గుర్తు మూడు ముళ్ళు. తాళినే ఎగతాళిగా పలుపుతాడు అనడం కూడా ఈ భాషకే చెల్లింది. పలుపు పశువు మెడకు వేసేది. ఒకే తాటిని మంగళసూత్రమని, పలుపు అని రెండు విధాల పిలవగల జాతికి కట్టులోని ద్వంద్వం తెలియదనుకోవడం పొరపాటు.

బంధం అన్న మాట మరీ విశాలమైనది. అది చుట్టరికం, చెర, కామశాస్త్రంలో రతిభంగిమ, కవిత్వంలోనైతే చిత్రకవిత. నాగబంధంలో పద్యం అక్షరాలను పెనవేసుకొన్న పాము బొమ్మలో పేరుస్తారు. పాము తన మీదుగా తాను దాటిన చోట ఒకే అక్షరం రెండు పాదాలకు చెందుతుంది. లాక్షణికులు దీనిని అధమకావ్యంగా లెక్కించారు. అందులో రసం తక్కువన్న వారి మాట చాలావరకు నిజమే. అయినా పద్యాన్ని కట్టి, ఆ కట్టునే బొమ్మగా చూపి, బిగిసిన చోటే అక్షరానికి రెండర్థాల బరువు మోయించే ప్రక్రియ మన దగ్గర శతాబ్దాల పాటు సాగిందన్న సంగతి ఈ సందర్భంలో గుర్తుంచుకోదగినది.

అయితే ఈ చర్చకు అత్యంత ఉపయోగకరమైన మాట 'ఒగ్గు'. లొంగడం వేరు, ఒగ్గడం వేరు. లొంగినవాడు ఎదుటి బలానికి తగ్గాడు. ఒగ్గినవాడు తన దేహాన్ని తానే ముందుకు చాచాడు. తల ఒగ్గడం, వీపు ఒగ్గడం, దోసిలి ఒగ్గడం అన్నప్పుడు ఆ చర్యకు కర్త గాయపడబోయేవాడే, పుచ్చుకోబోయేవాడే. శ్రద్ధగా వినడాన్ని కూడా మనం చెవి ఒగ్గడం అంటాము. దేహాన్ని కట్టుకు అప్పగించడానికీ, చెవిని పాటకు అప్పగించడానికీ భాష ఒకే క్రియను వాడింది. సంగీత ప్రేరితమైన బంధన చిత్రాలను అర్థం చేసుకోవడానికి తెలుగు అందించగల తాళంచెవి ఈ క్రియలో ఉంది.

రాయలసీమలో తాడు, పాట కలిసి పనిచేసిన చోటు ఒకటి ఉండేది. అది కపిల బావి. ఎడ్లు వాలు దిగుతూ మోకును లాగితే తోలుబాన పైకి వచ్చేది. వెనక్కి నడిస్తే దిగేది. తోలేవాడు ఎడ్లు దిగేటప్పుడు మోకు మీదే కూర్చొని తన బరువును కూడా కలిపేవాడు. ఎడ్ల అడుగు, తాటి బిగువు, మనిషి ఊపిరి మూడింటినీ ఒక లయలో నిలిపింది కపిల పాట. నీటి కరువు నేలలో తాటి బిగువును చెవితో కొలిచే అలవాటు కవులకంటే ముందు రైతులకు ఉంది.

రెండంగుళాల కొరత

పోతన ఏ ఊరివాడన్న వివాదంలో బమ్మెరతోపాటు కడప జిల్లా ఒంటిమిట్ట పేరు కూడా వినిపిస్తూ ఉంటుంది. ఆ వివాదంతో ఇక్కడ పనిలేదు. దశమ స్కంధంలోని ఉలూఖల బంధన ఘట్టం మాత్రం ఈ చర్చకు అనివార్యం. వెన్న దొంగిలించిన కొడుకును యశోద రోటికి కట్టబోతుంది. తాడు రెండంగుళాలు తక్కువవుతుంది. మరో తాడు ముడివేస్తుంది. మళ్ళీ రెండంగుళాలే తక్కువ. ఇంట్లో ఉన్న తాళ్ళన్నీ అయిపోయినా ఆ కొరత తీరదు. తల్లి అలసి, చెమట పట్టి, కొప్పు వీడిన తరువాత గాని బాలుడు కట్టుబడడు. ఆమె అలసట చూసి తానే కట్టుకు ఒగ్గుతాడు.

వ్యాఖ్యాతలు ఆ రెండంగుళాలకు అనేక తాత్త్విక అర్థాలు చెప్పారు. కథ స్థాయిలో అది అంగీకారపు కొలత. తాటి పొడవు ఎంత పెరిగినా కట్టుబడేవాడి సమ్మతి అందులో చేరనంతవరకు ముడి పడదు. సిరి కౌగిలికి, యోగుల మనస్సుకు, వేదాలకు దొరకనివాడు తల్లికి దొరికాడని చెప్పే చోట పోతన ఎన్నుకొన్న క్రియ 'చిక్కు'. పట్టుబడటం, చిక్కుపడటం రెండూ అందులో ఉన్నాయి. అలా చిక్కినవాడు రోటిని ఈడ్చుకుపోయి జంట మద్దిచెట్లను కూల్చి, శాపగ్రస్తులైన నలకూబర మణిగ్రీవులను విడిపిస్తాడు. తాను కట్టులో ఉండగానే ఇతరుల కట్టు విప్పుతాడు.

చిత్రకారుడికి ఈ ఘట్టం ఒక సంకటం. దామోదర చిత్రాలలో తరచుగా కనిపించేది ముడి పడిన తరువాతి క్షణం: రోలు, నడుముకు తాడు, బాలుడి కంటనీరు, తల్లి చేతిలో కర్ర. ఆ బొమ్మను కథ తెలియని పరదేశి చూస్తే శిక్షకు గురైన పసివాడు మాత్రమే కనిపిస్తాడు. రెండంగుళాల కొరత పద్యంలో వినిపిస్తుంది. పునరుక్తి వల్ల వినిపిస్తుంది. మళ్ళీ మళ్ళీ తక్కువ కావడమనేది కాలంలో జరిగే పని. నిశ్చలమైన పటానికి కాలం లేదు. అందువల్లనే పటం పాటను ఆశ్రయించింది.

వాత్సల్యం నుండి శృంగారానికి వస్తే ఇదే సంకటం మరింత తీవ్రమవుతుంది. జయదేవుని గీతగోవిందం పందొమ్మిదవ అష్టపదిలో కృష్ణుడు అలిగిన రాధను వేడుకొంటాడు. కోపమే నిజమైతే గోళ్ళతో గాయపరచమని, బాహువులతో బంధించమని, పళ్ళతో గాటు పెట్టమని, ఏ శిక్షలో సుఖం ఉంటే ఆ శిక్ష వేయమని అడుగుతాడు. కోరి వేయించుకొనే శిక్షను ఇంత స్పష్టంగా చెప్పిన గేయం అరుదు. గీతగోవిందానికి ఎందరో బొమ్మలు వేశారు. పహాడీ చిత్రకారుడు మానకు 1730లో పూర్తిచేసిన చిత్రమాల వాటిలో ప్రసిద్ధం. కాని ఏ చిత్రకారుడైనా బాహుబంధాన్ని గీస్తే అది కౌగిలిగానే కనిపిస్తుంది. అది శిక్ష అని, ఆ శిక్షను వాడే కోరుకొన్నాడని పాడితేనే తెలుస్తుంది.

నంది తిమ్మన పారిజాతాపహరణంలో సత్యభామ ఎడమకాలితో తన్నినప్పుడు, తన మేని గగుర్పాటు ముళ్ళవలె ఆమె పాదానికి గుచ్చుకొని ఉంటుందేమోనని కృష్ణుడు నొచ్చుకొంటాడు. దెబ్బ తిన్నవాడు కొట్టినవారి కాలి గురించి కలవరపడటంలో మన విమర్శకులు ఎక్కువగా చమత్కారాన్నే చూశారు. నాకు అందులో దేహస్పృహ ముందుగా కనిపిస్తుంది. గగుర్పాటు సుఖానికి గుర్తు. ఆ సుఖం దెబ్బతోనే కలిగింది. ఆ కావ్యం పుణ్యక వ్రతంతో ముగుస్తుంది. హరివంశ కథలో ఆ వ్రత సందర్భాన సత్యభామ భర్తను పూలదండతో పారిజాతానికి కట్టి నారదునికి దానమిస్తుంది. పూలదండకు తెంచరాని బలం ఏదీ లేదు. అది నిలిచేది కట్టుబడినవాడు కదలక ఉండటం వల్లనే.

సంకెల, ఎర్రబడిన చూపు

ఇష్టపడిన గాయాన్నీ, బలవంతపు సంకెలనూ ఒకే కథలో పక్కపక్కన నిలిపినది తాళ్ళపాక అన్నమాచార్యుని జీవితగాథ. (రాజంపేట దాపున ఉన్న ఆ ఊరిపేరులో 'తాళ్ళు' ఉన్నాయి గదా అని ఎవరైనా ఉత్సాహపడవచ్చు. అవి తాటిచెట్లని తోస్తుంది. దానిమీద ఏ సిద్ధాంతమూ కట్టనవసరం లేదు.) మనుమడు చిన్నన్న ద్విపదలో రచించగా, 1949లో వేటూరి ప్రభాకరశాస్త్రి పరిష్కరించి ప్రకటించిన 'అన్నమాచార్య చరిత్రము' ఈ గాథకు ఆకరం. పెనుకొండలో సాళువ నరసింహరాయలు అన్నమయ్య పాడిన ఒక శృంగార సంకీర్తన విని పరవశించి, తనపై కూడా అటువంటిది పాడమన్నాడు. హరిని కీర్తించే నాలుకతో నరుని పాడనని కవి నిరాకరించాడు. రాజు సంకెలలు వేయించాడు. కవి పాడాడు, సంకెలలు ఊడిపడ్డాయి.

ఈ కథను మనం భక్తుడి పరీక్షగా, దైవ మహిమగా చెప్పుకొని ఊరుకొన్నాము. రాజు మెచ్చిన పాట ఏదన్న ప్రశ్న దగ్గర ఆగినవారు తక్కువ. అది 'ఏమొకో' అని మొదలయ్యే సంకీర్తన. అందులో నాయిక పెదవి మీద అక్కడక్కడా కస్తూరి అంటి ఉంటుంది; అది విభునికి రాసిన లేఖ కాదు గదా అని కవి అనుమానిస్తాడు. ఆమె కంటికొనలు ఎర్రబడి ఉంటాయి. ప్రియుని దేహంలో నాటిన చూపులను వెనక్కి పెరికినప్పుడు అంటిన నెత్తురేమో అంటాడు. గుచ్చుకోవడం, పెరకడం, నెత్తురు. ఇది గాయాల పాట. అయితే గాయపడినవాడు ఆ చూపులకు ఒగ్గినవాడు.

రాజు కోరినది అదే గాయం, అదే రక్తిమ, తన పేరుమీద. ఒగ్గడంలోని సౌందర్యాన్ని చూసి దానిని ఆజ్ఞతో పొందవచ్చుననుకొన్నాడు. కవి ఒప్పుకోకపోతే రాజు చేతిలో మిగిలింది ఇనుము. ఆ సంకెలకు 'మూరురాయర గండ' అన్న పేరు, అంటే విజయనగర రాజుల బిరుదు, పెట్టడం యాదృచ్ఛికం కాదేమో. ముగ్గురు రాజులకు మిండడన్న బిరుదే సంకెల రూపంలో కవి కాళ్ళకు ఎక్కింది. శృంగారంలోని బంధానికీ, రాజ్యం వేసే బంధానికీ ఉన్న అంతరాన్ని చిన్నన్న సిద్ధాంతంగా చెప్పలేదు; కథాక్రమంలోనే చూపాడు. ముందు నెత్తురంటిన చూపు, తరువాత బిరుదున్న సంకెల. మొదటిది పాటగా నిలిచింది, రెండవది పాటకు విడిపోయింది.

దీనికి ఆశ్చర్యకరమైన జోడు సెయియుకు ప్రేరణనిచ్చిన కబుకి రంగంలోనే దొరుకుతుంది. 1757లో బొమ్మలాటగా మొదలై కబుకికి వచ్చిన ఒక నాటకంలో 'కింకాకుజి' అనే ఘట్టం ఉంది. యుకి అనే యువతి మహాచిత్రకారుడు సెష్షు వంశానికి చెందినది. బంగారు మందిరపు కప్పు మీద డ్రాగన్ బొమ్మ వేయమని, తనకు వశం కమ్మని దుష్టుడైన అధికారి నిర్బంధిస్తాడు. ఆమె నిరాకరిస్తే చెర్రీ చెట్టుకు తాళ్ళతో కట్టిస్తాడు. రాలిన పూరేకులలో ఆమె కాలి వేళ్ళతో ఎలుక బొమ్మ గీస్తుంది. బొమ్మ ఎలుకలకు ప్రాణం వచ్చి తాడు కొరికివేస్తాయి. ఆ సన్నివేశమంతా షమిసేన్ వాద్యం తోడుగా గాయకుని కథనంతో నడుస్తుంది. ప్రభువు కోరిన కళను నిరాకరించి కట్టుబడిన కళాకారుడు తన కళతోనే విడివడటం పెనుకొండలోనూ, కింకాకుజిలోనూ ఒక్కటే. భేదం ఒక చోట ఉంది. జపాను రంగస్థలం ఆ బలవంతపు కట్టులోని యువతి సౌందర్యాన్ని ప్రేక్షకుల కన్నులకు విందుగా అందిస్తుంది. ద్విపద అన్నమయ్య సంకెలను అందంగా చూపదు. దేహసౌందర్యమంతా అంతకుముందరి పాటలోనే ఉంచింది. బలవంతపు కట్టును సుందరం చేయని ఈ నిగ్రహాన్ని మన సంప్రదాయపు బిడియంగా కొందరు తీసుకోవచ్చు. అది విచక్షణ అని నా అభిప్రాయం.

రాగమాల, చెంచిత

సంగీతం నుండి చిత్రం పుట్టే ప్రక్రియకు భారతదేశంలో స్థిరమైన పేరు రాగమాల. దక్కనులో ఈ చిత్రాలు విరివిగా వెలిశాయి. 18వ శతాబ్దంలో నవాబుల కర్నూలు కూడా దక్కనీ చిత్రలేఖనానికి ఒక ప్రాంతీయ స్థానమైంది. రాగమాలలో మన చర్చకు దగ్గరైన రాగిణి అసావరి. ఆమె నల్లని శబరకాంత; నెమలి ఈకలు కట్టి కొండమీద కూర్చుంటుంది. గంధపు చెట్లను వీడి పాములు ఆమె వద్దకు వస్తాయి. వాటిని ఆమె కంకణాలుగా, హారాలుగా చుట్టుకొంటుంది. పాశం ఇక్కడ ప్రాణమున్న పాము. అది బిగిస్తే చావు. ఆమె ముఖంలో భయం ఉండదు, పాములో పగ ఉండదు. రెంటి మధ్య ఉన్నది పాట. నాగపాశాన్ని నగగా మార్చినది రాగమని చిత్రకారుడికి తెలుసు గనుకనే చిత్రానికి ఆ రాగం పేరు పెట్టాడు.

అసావరి బొమ్మ చూసినప్పుడు కర్నూలు సీమవారికి అహోబిలం చెంచులక్ష్మి గుర్తురాక మానదు. హిరణ్యకశిపుని చీల్చిన గోళ్ళు గల దేవుడు చెంచుపిల్ల ముందు తగ్గి, ఆమె చెప్పినట్లు నడుచుకొన్న కథ ఇప్పుడు నంద్యాల జిల్లాలో చేరిన ఆ కొండల్లో నేటికీ పాటగా ఉంది. ఓబయమంత్రి 'గరుడాచలము' వంటి యక్షగానాలకు అదే వస్తువు. ఉగ్రత్వం ఒగ్గడం నేర్చిన ఈ కథను సీమలోని ఏ చిత్రకారుడైనా తాటితో, గోటితో, పాటతో చిత్రించబూనితే అది పరాయి వస్తువు అనడానికి వీలులేదు.

పరాయి కాదన్నంత మాత్రాన ప్రమాదం లేనిదని కాదు. వాత్స్యాయనుడు ప్రహణన ప్రకరణంలో రతిక్రీడలోని దెబ్బలను వర్ణించి, వెంటనే ప్రాణం పోయిన సందర్భాలను చెబుతాడు. కుంతల శాతకర్ణి శాతవాహనుడు మహాదేవి మలయవతిని అలాగే పోగొట్టుకొన్నాడట. కొట్టినవాడు రాజు, చచ్చినది రాణి. ఆ ఉదాహరణలో ఎవరు ఒగ్గారో ఎవరు లొంగారో చెప్పడం కష్టం. మన నేలమీద తాటికి మరొక చరిత్ర కూడా ఉంది. వెట్టిచాకిరి నిర్మూలనకు చట్టం 1976లో గాని రాలేదు. అప్పు తీర్చలేని జీతగాడిని, మాట వినని ఆడమనిషిని రచ్చలో చెట్టుకు కట్టిన జ్ఞాపకాలు పల్లెలలో ఇంకా చెరిగిపోలేదు. కట్టుబడిన దేహం బొమ్మను కడపలో ప్రదర్శిస్తే, ఊరి నుండి వచ్చిన ప్రేక్షకుడికి ముందు తోచేది క్రీడ కాకపోవచ్చు. అతని చూపును మోటు చూపని తోసివేసే హక్కు విమర్శకుడికి లేదు. చిత్రకారుడికీ లేదు.

కనుక ఇటువంటి చిత్రాలను పరిశీలించే పరిశోధకుడు మొదట అడగవలసినది ఏ పాట నుండి ఈ బొమ్మ వచ్చిందని, ఆ పాటలో మాట్లాడుతున్నది ఎవరని. గీతగోవిందంలో శిక్షను అడిగినవాడే అనుభవిస్తాడు. భాగవతంలో తాడు చాలేది బాలుడు ఒప్పుకొన్నప్పుడే. పెనుకొండలో సంకెల వేసినవాడికి పాట దక్కలేదు. ఈ వివరాలేవీ బొమ్మ అంచులలో ఇమడవు. తాళ్ళపాకవారి రాగిరేకుల మీద ప్రతి సంకీర్తనకు రాగం పేరు చెక్కారు, తాళం చెక్కలేదు. ఎంత బిగువుగా, ఎంత వదులుగా పాడాలన్నది ఆ రేకులు పాడేవారికే విడిచిపెట్టాయి. రాగమాల చిత్రకారులూ బొమ్మ నెత్తిన రాగం పేరు, ధ్యానశ్లోకం రాసి, మిగిలిన చోట రంగులు నింపారు.